విజ్ఞాన సర్వస్వమున నెవరికి చోటు?
(క్రీడాకారులను గూర్చిన యొక పాఠము)

పరుగుపందెమున మొదటి బహుమానమందిన బాలికను చూచి, "ఈమె పేరు వికీపీడియాలో నేల లేదు?" అని తోడి విద్యార్థులడుగుట ఈ దినములలో సహజమైనది. తలిదండ్రులును ఆ ప్రశ్ననే మఱియొక రీతిని అడుగుచుందురు: "మా పిల్లను గూర్చి యొక పుట వ్రాయింపవలెనన్న నేమి చేయవలెను?" ఈ ప్రశ్న చిన్నదిగా దోచును గాని దీనిలో పెద్ద విషయములు మూడు ఇమిడియున్నవి. గొప్పతనమనగా నేమి? గొప్పతనమునకు సాక్ష్యమనగా నేమి? సాక్ష్యము లేని గొప్పతనమేమగును? పట్టణములకు దూరముగా, మహారాష్ట్ర కర్ణాటక సరిహద్దుల చెంతనున్న మన బిచ్కుంద వంటి యూళ్లలోని విద్యార్థులకు ఈ మూడవ ప్రశ్న తక్కిన రెంటికంటెను ముఖ్యమైనది. కావున ఈ విషయమును మనము క్రమముగా విచారింతము.

1. విజ్ఞాన సర్వస్వమనగా నేమి?

తెలిసికొనదగిన సమస్త విషయములను గూర్చిన వ్యాసములను ఒక క్రమమున కూర్చిన గ్రంథమునకు విజ్ఞాన సర్వస్వమని పేరు. తెలుగున ఈ మహాకార్యమునకు పూనుకొన్నవారు కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు (1877–1923). వారు 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము'ను సంపుటములుగా వెలువరింప నారంభించి, ఆ పని ముగియకమునుపే కాలధర్మము నొందిరి. అచ్చు గ్రంథమునకు పుటలు పరిమితము. కాగితమునకును, కూర్పునకును వ్యయమగును. ఎవరిని చేర్చవలెను, ఎవరిని విడువవలెను అను చిక్కు అట్టి సంపాదకులకు తప్పనిది.

వికీపీడియా యను అంతర్జాల విజ్ఞాన సర్వస్వము 2001 జనవరి 15న ఆంగ్లమున ఆరంభమైనది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో వెలసినది. దీనిని వ్రాయువారు, దిద్దువారు జీతము గొనని స్వచ్ఛంద సేవకులు. దీనికి కాగితపు కొఱత లేదు. "చోటునకు కొఱత లేనప్పుడు అందఱిని చేర్చిన నేమి నష్టము?" అని మీరడుగవచ్చును.

నష్టము కలదు. చోటునకు కొఱత లేకున్నను సాక్ష్యమునకు కొఱత కలదు. ఆధారము లేని పుటలో నొక అసత్యము ప్రవేశించినచో, అది అసత్యమని నిరూపించుటకు ఎవరికిని దారి యుండదు. బ్రతికియున్న మనుష్యుని గూర్చి తప్పు వ్రాసినచో అది యతని యుద్యోగమునకు, వివాహమునకు, మర్యాదకు హాని చేయును. అందుచేతనే ఒకనిని గూర్చి ప్రత్యేకముగా నొక పుట యుండవచ్చునా యని నిర్ణయించుటకు నియమములు ఏర్పడినవి. తెలుగు వికీపీడియా సేవకులు ఈ నిర్ణయమునకు 'విషయ ప్రాముఖ్యత' యను పేరు పెట్టుకొనిరి. ప్రతి భాషా వికీపీడియాకును తన నియమములు తనకుండును. అన్నిటిలోను విపులముగా చర్చింపబడినవి ఆంగ్ల వికీపీడియా నియమములగుటచే ఇచ్చట వానినే చెప్పుచున్నాము.

2. యోగ్యత వేఱు, ప్రాముఖ్యత వేఱు

విద్యార్థులు మొదట గ్రహింపవలసిన దిది: ఈ నియమములు ఎవరి ప్రతిభను తూచునవి కావు. ఇద్దఱు బాలురు సమానమైన వేగముతో పరుగెత్తుదురనుకొందము. ఒకని పరుగును గూర్చి మూడు పత్రికలు విపులముగా వ్రాసినవి. రెండవవాని పరుగును చూచినవారు ఊరివారు మాత్రమే. ఇద్దఱి కాళ్ల బలము ఒక్కటియే. అయినను మొదటివానికి పుట యుండవచ్చును, రెండవవానికి ఉండదు. ఇది రెండవవానికి జరిగిన యవమానము కాదు. అతనిని గూర్చి నమ్మదగిన మాట చెప్పుటకు విజ్ఞాన సర్వస్వమునకు ఇంకను ఆధారము దొరకలేదని మాత్రమే దీని యర్థము.

ఒక్కని మాటమీద తీర్పు చేయరాదనియు, ఇద్దఱు ముగ్గురు సాక్షులుండవలెననియు మోషే ధర్మశాస్త్రమున గల నియమము మన పాఠకులలో పలువురకు పరిచితమే. న్యాయస్థానములకు మేలైన యా నియమము విజ్ఞాన సర్వస్వమునకును మేలైనదే. ఇచ్చటి సాక్షులు మనుష్యులు గాక వ్రాతలగుట యొక్కటియే భేదము.

3. సాక్షికి మూడు పరీక్షలు

అచ్చయిన ప్రతి వ్రాతయు సాక్షి కాజాలదు. ప్రతి వ్రాతను మూడు విధముల పరీక్షింపవలెను.

మొదటిది విస్తారము. ఆ వ్రాత క్రీడాకారుని గూర్చి యెంత చెప్పుచున్నది? గెలిచినవారి పట్టికలో పేరొక్కటి యుండుట చాలదు. "జిల్లా పోటీలలో ఫలానావారు ద్వితీయ స్థానము పొందిరి" అను నొక పంక్తియు చాలదు. అతడెట్లు ఆ క్రీడలో ప్రవేశించెను, ఎవరి శిక్షణ పొందెను, ఏయే పోటీలలో గెలిచి యోడెను అని వివరించు వ్రాత కావలెను. పట్టికను పట్టుకొని వ్యాసము వ్రాయబోయినవాడు మిగిలిన ఖాళీలను తన యూహతో నింపవలసివచ్చును. అచ్చటనే అసత్యము పుట్టును.

రెండవది స్వాతంత్ర్యము. కాకిపిల్ల కాకికి ముద్దని మన పెద్దలు చెప్పిరి. తండ్రి వ్రాసినది, శిక్షకుడు వ్రాసినది, క్రీడాసంఘము ప్రకటించినది, క్రీడాకారుడు తన్ను గూర్చి తాను చెప్పుకొనినది, ఇవన్నియు నిజమే కావచ్చును. కాని స్వతంత్ర సాక్ష్యములు కావు. క్రీడాకారునితో లాభనష్టముల సంబంధము లేనివాడు, వ్రాయవలసిన యక్కఱ యున్నదని తానుగా తలచి వ్రాసినదియే స్వతంత్రమైన వ్రాత.

మూడవది విశ్వసనీయత. ఆ వ్రాతను అచ్చునకు పంపుటకు మునుపు దిద్దువాడొకడున్నాడా? తప్పు పడినచో సవరణ ప్రకటించు నలవాటు ఆ పత్రికకు గలదా? పేరు గల దినపత్రికలు, పరిశోధన గ్రంథములు ఈ పరీక్షలో సాధారణముగా నిలుచును. ఎవరైనను ఏమైనను వ్రాసి పంచుకొను వాట్సాపు సందేశములు, ఫేస్‌బుక్కు వ్రాతలు నిలువవు.

ఈ సాక్షులు ఆంగ్లమున మాటలాడవలెనను నియమము లేదని గూడ గుర్తింపవలెను. తెలుగు పత్రికలోని వ్యాసము ఆంగ్ల పత్రికలోని వ్యాసముతో సమానమైన సాక్షియే. ఉర్దూ, మరాఠీ, కన్నడములును చదువగలవారు మన ప్రాంతమున పెక్కురు గలరు. వారు ఆ భాషల పత్రికలను వెదకినచో ఇతరులకు దొరకని యాధారములు దొరకవచ్చును.

ఇప్పుడొక చేదు మాటయు చెప్పవలసి యున్నది. మీరు చదువుచున్న ఈ వార్షిక సంచిక ఈ పరీక్షలలో నిలుచునా? నిలువదు. మన పాఠశాల విద్యార్థిని గూర్చి మన పాఠశాల సంచికలో మన యుపాధ్యాయులు వ్రాసినది ఎంత సత్యమైనను స్వతంత్రమైన సాక్ష్యము కాదు. పాఠశాల క్రీడాకారులను గూర్చి ఆంగ్ల వికీపీడియాలో ప్రత్యేకముగా నొక కఠిన నియమము గలదు. పోటీ ఫలితములకును, మామూలు వార్తలకును మించి, ఆ విద్యార్థిని గూర్చియే విపులముగను, దీర్ఘకాలముగను స్వతంత్ర పత్రికలు వ్రాసియుండిననే తప్ప పుటకు తగదని దాని సారము. పాఠశాల ప్రచురణములు లెక్కకు రావు. మఱి ఈ సంచిక నిష్ప్రయోజనమా? కాదు. దాని ప్రయోజనమేదో కడపట చెప్పెదము.

4. నియమములు మాఱిన విధము

ఒకప్పుడు ఆంగ్ల వికీపీడియాలో క్రీడాకారులకు నియమములు చాల సులభముగ నుండెను. ఒలింపిక్సున పాల్గొన్నంత మాత్రమున, కొన్ని క్రీడలలో పెద్ద జట్టు తరపున ఒక్క ఆట యాడినంత మాత్రమున, పుటకు తగునని భావించెడివారు. దాని ఫలితముగా పేరు, పుట్టిన తేది, ఆడిన పోటీ, ఇంతకుమించి యేమియు లేని చిన్న పుటలు వేలకొలది పుట్టినవి. పట్టికలను చూచి పుటలు వ్రాసిరేగాని, ఆ మనుష్యులెవరో వ్రాసినవారికే తెలియదు.

దీనిపై దీర్ఘమైన చర్చలు జరిగెను. 2021లో ఒలింపిక్సు నియమమును మార్చి, పాల్గొనుట చాలదనియు, పతకము గెలిచినవారిని గూర్చి మాత్రము తగిన వ్రాతలుండునని ముందుగా నమ్మవచ్చుననియు నిర్ణయించిరి. 2022లో తక్కిన క్రీడలకును 'పాల్గొనినంత చాలు' ననెడి నియమములను తొలగించిరి. ఏ క్రీడాకారుని పుటయందైనను అతనిని గూర్చి విపులముగా వ్రాసిన ఆధారము ఒక్కటియైనను చూపవలెనని విధించిరి.

ఈ నియమము ననుసరించి కరణం మల్లేశ్వరిగారి విషయమున సందేహమునకు తావు లేదు. శ్రీకాకుళము జిల్లాలో జన్మించిన ఆమె 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్సున 69 కిలోల తరగతిలో మొత్తము 240 కిలోలనెత్తి కాంస్య పతకము పొందెను. ఒలింపిక్సు పతకము గెలిచిన మొదటి భారత మహిళ ఆమెయే. అయినను పతకము వలన కలుగునది నమ్మకము మాత్రమే యని మఱవరాదు. పతకమును చూచి "వ్రాతలుండును, వెదకుడు" అని నియమము చెప్పుచున్నది. వెదకి తెచ్చి చూపుట వ్రాయువాని పని.

ఇక మన ప్రాంతమునకే చెందిన ఉదాహరణములు రెండు తీసికొందము. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా యేర్పడువఱకు మన బిచ్కుందయు నిజామాబాదు జిల్లాలోనిదే. ఆ జిల్లా ఇద్దఱు బాలికలను లోకమునకు చూపినది.

5. మొదటి ఉదాహరణము: నిఖత్ జరీన్

నిఖత్ జరీన్ 1996 జూన్ 14న నిజామాబాదులో జన్మించెను. 2011లో టర్కీలోని అంటాల్యాలో జరిగిన బాలికల ప్రపంచ ముష్టియుద్ధ పోటీలో స్వర్ణ పతకము గెలిచెను. 2019లో ఆసియా పోటీలలో కాంస్యము పొందెను. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో 52 కిలోల తరగతిలో థాయిలాండు దేశపు జుటామస్ జిట్‌పాంగ్‌ను ఓడించి ప్రపంచ విజేత యయ్యెను. అదే సంవత్సరము బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడలలో స్వర్ణమును, అర్జున పురస్కారమును పొందెను. 2023 మార్చిలో క్రొత్త ఢిల్లీలో 50 కిలోల తరగతిలో రెండవ మాఱు ప్రపంచ విజేత యయ్యెను.

ఇప్పుడు మీరు సంపాదకులని భావించుకొనుడు. ఆమెకు పుట ఏ సంవత్సరమున తగును? 2022లో తగునని అందఱును చెప్పగలరు. దేశ విదేశ పత్రికలు అప్పుడామె బాల్యమును, శిక్షణను, భుజమునకు తగిలిన గాయమును, తిరిగి లేచిన విధమును విపులముగా వ్రాసినవి. కష్టమైన ప్రశ్న 2011ను గూర్చినది. అప్పుడామెకు పదునాలుగేండ్లు. గెలిచినది ప్రపంచ పోటీయే. కాని బాలికల పోటీ. బాలబాలికల పోటీలలోని గెలుపు నొక్కదానినే చూచి పుట నిర్ణయింపరాదు. ఆ నాటి పత్రికలు ఆమెను గూర్చి యెంత వ్రాసినవో చూడవలెను. ఒక్క దినపు వార్తలేనా, వివరమైన వ్యాసములా? ఆమెను గూర్చియా, జట్టునంతటిని గూర్చియా? ఇట్లు ప్రశ్నించుటయే ఈ పాఠమునందలి యభ్యాసము. పతకము రంగును చూచి తీర్పు చెప్పువాడు సంపాదకుడు కానేరడు.

ఇందులో గమనింపవలసిన విషయము మఱియొకటి కలదు. 2024 ఆగస్టు 1న పారిస్ ఒలింపిక్సున ఆమె చైనా దేశపు వూ యూ చేతిలో ఓడెను. ఆ యోటమియు విజ్ఞాన సర్వస్వమున వ్రాయదగినదే. పుట పూలమాల కాదు. గెలిచిన దినమును, ఓడిన దినమును ఒకే సిరాతో వ్రాయు దస్తరము. తమ బిడ్డకు పుట కావలెనని కోరు తలిదండ్రులు ఈ సంగతిని ముందుగా నాలోచింపవలెను. పుట వెలసిన పిమ్మట దానిపై వారికి గాని, క్రీడాకారునకు గాని అధికారముండదు.

6. రెండవ ఉదాహరణము: మాలావత్ పూర్ణ

మాలావత్ పూర్ణ నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమున గిరిజన కుటుంబమున జన్మించెను. ఇప్పుడు కామారెడ్డి జిల్లాలోనున్న తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదివెను. 2014 మే 25న టిబెట్టు వైపునుండి ఎవరెస్టు శిఖరమునెక్కెను. అప్పటికామె వయస్సు 13 సంవత్సరముల 11 మాసములు. ఆ శిఖరమునెక్కిన బాలికలలో ఆమెయే అతి పిన్న వయస్కురాలు. ఖమ్మము జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ అను బాలుడును ఆమెతోడి బృందమున శిఖరము చేరెను.

ఇచ్చట ప్రశ్న వేఱు. వ్రాతలకు కొదువ లేదు. దేశమంతటి పత్రికలును వ్రాసినవి. కాని అవి యన్నియు ఒక్క దినమును, ఒక్క కార్యమును గూర్చినవే. ఒకే యొక సంఘటన వలన మాత్రము పేరు వచ్చి, తరువాత మామూలు జీవితమునకు మరలిన మనుష్యుని గూర్చి ప్రత్యేకముగా పుట వ్రాయక, ఆ సంఘటనను గూర్చిన పుటలోనే అతనిని పేర్కొనుట మేలని మఱియొక నియమము కలదు. దీనికి కారణము దయ. ఒక్కనాటి పేరు కొఱకు ఒక పిల్ల యొక్క జీవితమునంతయు లోకము ముందు పఱచుట తగదు.

అయితే పూర్ణ విషయమున కాలమే తీర్పు చెప్పెను. 2016లో ఆఫ్రికాయందలి కిలిమంజారోను, తరువాత తక్కిన ఖండముల ఉన్నత శిఖరములను ఒక్కొక్కటిగా ఎక్కి, 2022 జూన్ 5న ఉత్తర అమెరికాలోని డెనాలిని చేరుటతో ఏడు ఖండముల ఏడు శిఖరములను పూర్తి చేసెను. 2017లో రాహుల్ బోస్ దర్శకత్వమున 'పూర్ణ' యను చలనచిత్రము వెలువడెను. ఒక సంఘటన యనుకొనినది ఒక జీవిత కార్యమైనది. నిజము నిలకడమీద తెలియుననిన సామెత సంపాదకులకును వర్తించును. సందేహము గలచోట వేచియుండుట తప్పు కాదు.

7. సాక్ష్యమును చదువు విధము

ఆధారములు దొరకిన తరువాత వానిని జాగ్రత్తగా చదువవలెను. పూర్ణ యెవరెస్టు నెక్కినది 2014 మే 25న. తెలంగాణ రాష్ట్రమేర్పడినది జూన్ 2న. కావున ఆ వారపు పత్రికలు ఆమెను ఆంధ్రప్రదేశ్ బాలికయనియు, తరువాతి పత్రికలు తెలంగాణ బాలికయనియు వ్రాసిన, రెండును నిజమే. 2016కు మునుపటి వార్తలలో తాడ్వాయి, బిచ్కుంద, ఎల్లారెడ్డి అన్నియు నిజామాబాదు జిల్లాలోనివే. తరువాత కామారెడ్డి జిల్లాలోనివి. 1956 నవంబరు 1కి మునుపటి వ్రాతలలో నిజామాబాదు హైదరాబాదు రాష్ట్రములోనిది. వ్రాతకు తేది తెలియనివాడు ఈ సాక్షులు ఒకరినొకరు ఖండించుచున్నారని భ్రమపడును. తేది తెలిసినవాడు అందఱును నిజమే చెప్పుచున్నారని గ్రహించును.

పేరుల విషయమునను ఇట్టి జాగ్రత్తయే కావలెను. ఒకే బాలిక పేరు ఒక పత్రికలో ఇంటిపేరుతో, మఱియొకదానిలో ఇంటిపేరు లేక, ఆంగ్ల పత్రికలో రెండు మూడు విధముల అక్షరములతో కనబడును. ఒకే పేరు గల యిద్దఱిని ఒకరినిగా భావించి ఒకరి పతకమును మఱియొకరికి కట్టబెట్టుట వలన ఇద్దఱికిని అన్యాయము జరుగును.

8. మన యూరి క్రీడాకారిణి: ఒక ఊహా విచారణ

ఇప్పుడు నియమములను ప్రయోగించి చూతము. బిచ్కుంద మండలములోని యొక బాలిక కబడ్డీయందు రాష్ట్ర జట్టునకు ఎంపికయ్యెనని ఊహింపుడు. ఆమె మిత్రులు ఒక పుట వ్రాయదలచి ఐదు ఆధారములు తెచ్చిరి: దినపత్రిక జిల్లా పుటలో నాలుగు పంక్తుల వార్త, జట్టు సభ్యుల పట్టిక, వ్యాయామోపాధ్యాయుని ప్రశంసాపత్రము, తండ్రి ఫేస్‌బుక్కున పెట్టిన చిత్రము, పాఠశాల సంచికలోని వ్యాసము.

జిల్లా వార్త స్వతంత్రము, విశ్వసనీయము. కాని విస్తారము లేదు. పట్టికయందును విస్తారము లేదు. ప్రశంసాపత్రము ప్రియమైనది, స్వతంత్రము కాదు. తండ్రి పెట్టిన చిత్రము స్వతంత్రమును కాదు, దిద్దువాడును లేడు. పాఠశాల సంచిక సంగతి ఇంతకుముందే చెప్పితిమి. ఐదింటిలో ఒక్కటియు మూడు పరీక్షలలో నిలువలేదు. కావున తీర్పు: "ఇప్పుడు కాదు." ఈ మాటకు "ఎన్నటికి కాదు" అని యర్థము చెప్పుకొనరాదు.

ఇట్టి పుట నెవరైనను వ్రాసిరేని, దానిని తొలగింపవలెనని మఱియొక సేవకుడు ప్రతిపాదింపవచ్చును. ఆంగ్ల వికీపీడియాలో అట్టి చర్చ సాధారణముగా ఏడు దినములు నడచును. ఎందఱు అనుకూలురు, ఎందఱు ప్రతికూలురు అని చేతులు లెక్కించి ముగింపరు. ఎవరు మంచి యాధారము చూపిరో, ఎవరి వాదము నియమములకు సరిపడినదో చూతురు. ఊరివారందఱు వచ్చి "మా పిల్ల గొప్పది" అని వ్రాసినను లాభము లేదు. ఒక్క బాలుడు గ్రంథాలయమున వెదకి రెండు మంచి వ్యాసములు తెచ్చినచో చర్చ తిరిగిపోవును. పుటను నిలుపుట, తొలగించుట అను రెండు దారులే గాక మూడవ దారియు కలదు. ప్రత్యేకపు పుట తగనప్పుడు, నమ్మదగిన వార్త యున్నచో, ఊరిని గూర్చిన పుటలోనో, పోటీని గూర్చిన పుటలోనో ఒక వాక్యము చేర్చవచ్చును.

వ్రాయునప్పుడు విశేషణములను విడువవలెను. "సాటిలేని వీరవనిత, జిల్లా సింహము" అని వ్రాసినచో చదువరికి తెలిసినదేమి? "2022 మే 19న ఇస్తాంబుల్‌లో 52 కిలోల తరగతిలో స్వర్ణ పతకము" అని వ్రాసినచో పొగడ్త లేకయే గొప్పతనము తెలియును.

9. ఈ నియమములు న్యాయమైనవేనా?

ఇంతవఱకు నియమములను సమర్థించితిమి. వాని లోపమును దాచుట ఉపాధ్యాయ ధర్మము కాదు. పత్రికలు ఎవరిని గూర్చి వ్రాయునో వారికే పుటలు దక్కును. పట్టణములను గూర్చి వ్రాసినంతగా పల్లెలను గూర్చి వ్రాయరు. పురుషుల క్రికెట్టును గూర్చి వ్రాసినంతగా బాలికల కబడ్డీని, ఖోఖోను, వికలాంగుల పరుగును గూర్చి వ్రాయరు. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామమునకు చెందిన దీప్తి జీవాంజి 2024లో జపానుదేశపు కోబేలో 400 మీటర్లను 55.07 సెకండ్లలో పరుగెత్తి తన తరగతిలో ప్రపంచ రికార్డు నెలకొల్పెను. అదే సంవత్సరము పారిస్ పారాలింపిక్సున కాంస్యము గెలిచెను. అంత గెలిచిన పిమ్మట అందఱును వ్రాసిరి. అంతవఱకు చేరని దీప్తులు మన పల్లెలలో నెందఱో!

ఈ లోపమునకు మందేమి? నియమమును సడలించి సాక్ష్యము లేని పుటలను నింపుట మందు కాదు. మన తెలంగాణ చరిత్రయే ఇందుకొక దారి చూపినది. తెలంగాణమున తెలుగు కవులే లేరని యొకరు వ్రాయగా, గోలకొండ పత్రిక సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డిగారు కోపముతో వాదులాడి యూరకుండలేదు. ఊరూరి నుండి వివరములు సేకరించి 354 మంది కవులతో 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను వెలువరించిరి. కవులు అంతకు మునుపును ఉండిరి. వారిని గూర్చిన వ్రాత యొకచోట లేకుండెను. ప్రతాపరెడ్డిగారు చేసినది ఆ వ్రాతను పుట్టించుట. నేడు మన క్రీడాకారులకు కావలసినదియు అదియే. విజ్ఞాన సర్వస్వము క్రొత్త సంగతులను మొదట ప్రకటించు స్థలము కాదు. ఇతరులు పరిశోధించి ప్రకటించినదానిని సంగ్రహించు స్థలము. కావున పని దానికి వెలుపలనే మొదలు కావలెను.

10. మనము చేయవలసినది

ఇప్పుడు ఈ సంచిక ప్రయోజనమును చెప్పెదము. ఇది సాక్షి కాకపోయినను సాక్షులకు దారి చూపునది. రేపు ఒక విలేఖరి గాని, జిల్లా క్రీడల చరిత్ర వ్రాయు పరిశోధకుడు గాని మన పాఠశాలకు వచ్చినప్పుడు, ఏ సంవత్సరమున ఏ తేదిన ఏ పందెమును ఎవరు ఎంత కాలమున గెలిచిరో సరిగా వ్రాసిపెట్టిన పుట అతనికి దొరకవలెను. "మన బాలికలు అద్భుతముగా ఆడిరి" అను వాక్యము అతనికి పనికిరాదు. తేది, స్థలము, దూరము, కాలము, ఎదుటి జట్టు, ఫలితము, ఇంటిపేరుతో పూర్తి పేరు, ఇవి పనికివచ్చును. ఓడిన ఆటలను గూడ వ్రాయవలెను. ఓటములు లేని దస్తరమును ఏ చరిత్రకారుడును నమ్మడు.

వ్యాయామోపాధ్యాయులు ఫలితముల పుస్తకమును ఏటేట భద్రపఱుపవలెను. విద్యార్థులు జిల్లా పత్రికలలోని క్రీడావార్తలను, పత్రిక పేరును, తేదిని వ్రాసి, కత్తిరించి అంటింపవలెను. మంచి కథ కనబడినచో స్థానిక విలేఖరికి తెలియజేయుటలో తప్పు లేదు. అతడు తన కన్నులతో చూచి తానుగా వ్రాసినది స్వతంత్ర సాక్ష్యమే యగును.

తలిదండ్రులకు రెండు మనవులు. సొమ్మిచ్చిన వికీపీడియాలో పుట వేయింతుమని చెప్పువారిని నమ్మకుడు. కూలికి వ్రాయువాడు ఆ సంగతిని బహిరంగముగా ప్రకటింపవలెనని అచ్చటి నియమము. దాచి వ్రాసిన పుటలు తొలగింపబడును, ఇచ్చిన సొమ్ము తిరిగి రాదు. రెండవది, చిన్నపిల్లల పుట్టిన తేది, ఇంటి చిరునామా, చిత్రములు అంతర్జాలమున వెదజల్లకుడు. పేరు కొఱకు పిల్లల క్షేమమును పణముగా పెట్టుట తగదు.

విద్యార్థులారా! మీరు పరుగెత్తునది పుట కొఱకు కాదు. అయినను మీరు పరుగెత్తిన దినమును నిజముగా వ్రాసియుంచుట మీ తరువాత రాబోవు పిల్లలకు మీరు తీర్పవలసిన ఋణము. పాకాల పిల్ల శిఖరమెక్కినదని చదివినందుననే గదా మఱియొక తండాలోని పిల్ల కొండవైపు చూచుట!

అభ్యాస ప్రశ్నలు

1. పూర్ణయు, ఆనంద్ కుమారును ఒకే బృందమున శిఖరము చేరిరి. ఆనంద్ కుమార్‌ను గూర్చి ప్రత్యేకముగా నొక పుట యుండవచ్చునా? తీర్పు చెప్పుటకు మునుపు ఏయే వ్రాతలను వెదకవలెనో వ్రాయుడు.

2. మీ యింటికి వచ్చు దినపత్రికనుండి ఒక క్రీడావార్తను తీసికొని, విస్తారము, స్వాతంత్ర్యము, విశ్వసనీయత యను మూడు పరీక్షలను దానికి ప్రయోగింపుడు.

3. ఈ సంచికలోని క్రీడల నివేదికను చదివి, అందు విశేషణములెన్ని, తేదులు మఱియు అంకెలు ఎన్ని యున్నవో లెక్కింపుడు. విశేషణములే యెక్కువైనచో ఆ నివేదికను తిరిగి వ్రాయుడు.

4. మీ యూరిలో ఒకప్పుడు పేరుపడిన కుస్తీ వస్తాదునో, కబడ్డీ ఆటగానినో గూర్చి పెద్దలనడిగి తెలిసికొనుడు. వారు చెప్పినదానిలో వ్రాతపూర్వకమైన యాధారము గలదెంత, నోటిమాటగా మిగిలినదెంత యని వేఱుపఱచి వ్రాయుడు.